ఊరిబిండిలో ఏం కలిపినాడు?

ఆడనే నిలబడు సిద్దమ్మా. ఎనుములకు గడ్డి తర్వాత ఏద్దువులే. ముందు నిజం సెప్పు, మీ కొడుకు సుబ్బయ్య మా పిల్లోడికి ఏం పెట్టినాడు?

ఏం తెలీనట్టు మొగం పెట్టొద్దు. మా వెంకటముని మదనపల్లి కాలేజీలో సేరినప్పట్నుంచి నా కొడుకు నా కొడుకులా లేడు. శనివారం బస్సు దిగొస్తాడు, కంచం ముందర కూర్చుంటాడు, "అమ్మా, ఊరిబిండి సప్పగుండాది" అంటాడు. పండ్లు వచ్చినప్పట్నుంచి నేను రోట్లో నూరిన ఊరిబిండే గదా సంగట్లో నంజుకోని తినింది! ఎవురో మందు పెట్టినారనుకున్నా. గంగవరంలో మందు కక్కించే ఆయప్ప ఉండాడు, పోదాం రారా అంటే పడీపడీ నగినాడు. మందు తిన్నోళ్లు అట్లనే నగుతారంట!

మా ఇంటాయప్ప, వాళ్ల నాయన, ఏమన్నాడో తెలుసునా? మందు సంగతి నిజమైతే సోమారం పోయి టీసీ తెచ్చి, వానిసేత మడక పట్టించి సేను దున్నిస్తానన్నాడు. ఆయనకు ఆ ఇంగ్లీషు బీయే అంటేనే ఒళ్లుమంట. సెనక్కాయలమ్మిన దుడ్డంతా ఫీజుకీ, బుక్కులకీ, రూము బాడిక్కీ పాయె. అదే కాలేజీలో మీవోనికి గవర్మెంటు ఫీజు మాఫీ, పైన స్కాలర్‌షిప్పు. నా కడుపు మండదా సెప్పు?

సరే, మొన్న సెప్పకుండా బస్సెక్కినా. మందు పెట్టిందెవురో నా కండ్లతో నేనే సూడాలని.

రూములో ఎవురెవురుండారో తెలుసునా? పుంగనూరు సాయిబుల పిల్లోడొకడు. కుప్పం పిల్లోడు ఇంకొకడు, వాడు తెలుగు మాట్లాడినా నాకు అరవంలాగే ఉండాది. మధ్యలో మావోడు. అందురూ ఒక్క బుక్కు సుట్టూ కూర్చోని సదవతాండారు. మీ సుబ్బయ్యదంట, స్కాలర్‌షిప్పు దుడ్డుతో కొన్నాడంట. మరి మేమిచ్చిన దుడ్డేమాయెరా అంటే మావోడు ఆ బుక్కే మొగానికి అడ్డం పెట్టుకున్నాడు. సినిమాలకు పాయె, ఇంకేమాయె!

మరి ఆడ వంట సేసేదెవురో తెలుసునా? మీ సుబ్బయ్య! హాస్టల్లో సీటు రాలేదంట, ఆ రూములోనే ఉంటాడంట. బాడిగ మాది, వంట వానిది. నా కొడుకు రెండు పూటలా తినేది వాని సేతి సంగటి! 

అందుకే అడగతాండా. ఆ ఊరిబిండిలో ఏం కలపతాడు? నీ కాడే గదా నేర్సుకున్నాడు?

ఏందీ? నిప్పుల మీద కాల్సిన మిరక్కాయలా? తెల్లగడ్డ పొట్టుతోనే దంచేదా? అంతేనా? ఒట్టు?

తిట్టలేదా అంటావా? ఎట్ల తిడతా? అప్పటికే నేనూ తినేసినా! ఎండన పడి పోయినా, ఆకలి. కంచం పెట్టినారు, తిన్నా. ఇంకో ముద్ద ఎయ్యమని అడిగి మరీ తిన్నా. సెయ్యి కడుక్కున్నాకే అడిగినా, ఎవురు సేసినారప్పా అని. ఏం మొగం పెట్టుకోని తిట్టేది?

మందూ లేదు, మాకూ లేదు, పిల్లోడు మెస్సులో తింటాండాడని మా ఆయప్పకు సెప్పినా. టీసీ మాట మానుకున్నాడు. నువ్వూ నోరు మెదపొద్దు. నిజం తెలిస్తే ఇద్దురి సదువూ పాయె.

ఏందీ, నీళ్లా? ఉండు తెస్తా.

సూడు, మా అత్త తిన్నె మీదే కూర్చోని ఇట్లనే సూస్తాండాది. ఏం సేస్తామే? రోంత ఎడంగా జరుగు. దోసిలి పట్టు, పైనుంచి పోస్తా.