గోనెసంచి కింది వేడి

మోస్రా ఊళ్లో పసుపు ఉడకబెట్టే రోజులు. చుక్కల మీద పరిశోధన చేసే మనవరాలు సెలవుకు వచ్చింది. అవ్వ కళ్లంలోకి వచ్చేసరికి, మనవరాలు చెట్టు నీడన కూర్చొని ఖాళీ గోనెసంచులు గబగబా సర్దుతోంది.

"ఒక్కదానివే నవ్వుకుంటున్నవేంది బిడ్డా?"

"నా చుక్కలు యాదికొచ్చినయ్ అవ్వా."

"ఏడుంటయ్ గవి?"

"మన చుక్కల గుంపు మోస్రా అనుకో, అవి పక్కూరు వర్నిల ఉన్నట్టు. పక్క గెలాక్సీల. సూర్యుని కంటే శానా పెద్దయి."

"గంత పెద్దయి నాకు కనవడయేంది?"

"దూరం గదా. మళ్ల కొన్ని తమ ఒంట్ల నుంచే దుమ్ము ఊదుకొని, గా దుమ్ములనే దాక్కుంటయ్."

"దాక్కుంటే ఉన్నయని ఎట్ల తెలుస్తది?"

"చుట్టున్న దుమ్ము కాగుతది. గా వేడి మన కంటికి ఆనది, దాన్ని పట్టే కెమెరాలు వేరే ఉంటయ్. ఎంత దాసిపెట్టినా వేడి దాగదవ్వా."

"గంతేనా! ఉడికిన పసుపు మీద సంచులు కప్పితే పైకేం కనవడది. చెయ్యి పెడితే సుర్రుమంటది."

"అచ్చం గట్లనే!"

"సరే, జరుగు. నేను గూడ కూసుంట."

"గాడ వద్దవ్వా!"

"ఎందుకే? ఖాళీ సంచులేనాయె... అమ్మో, గిదేంది గింత వేడిగున్నది?"

"ఏం లేదు..."

"సంచి కింద ఫోనా! పొద్దటిసంది ఎవలతోని మాట్లాడినవే, గిట్ల కాగింది?"

"నాతోని చదివే పిల్ల అవ్వా."

"దుమ్ము ఊదకు బిడ్డా. పిలగాని పేరు చెప్పు."