బోడిముక్కు గోళీలు

"తాతా, మొన్న ఎన్‌సీసీ క్యాంపుల మాతోని నిజం తుపాకి పేల్పిచ్చిన్రు. నువ్వు తుపాకుల దుకాణంల గోళీలు ఏరెటోనివని నాయిన చెప్పిండు. గోళీలల్ల ఏరెటందుకు ఏముంటది?"

ఏముంటదా? గట్లంటవేంది బిడ్డా. మీ నాయినమ్మ పొద్దుగాల బియ్యంల రాళ్లేరుతది, గండ్ల ఏమున్నదని అడిగినవా ఎన్నడన్న? అడుగు, చెప్తది నీకు. నా మాట రికార్డు చేస్తున్నవా? ఆ ఫోను జర ఇటు జరుపు. నాకు ఎడమ చెవు వినరాదు, బట్ట నేసే సాంచల కాడ్నే, ఆ మోతకు పోయింది. అందుకే గట్టిగ మాట్లాడుత, కోపంల ఉన్ననుకోకు.

నేను సూరత్‌కు వచ్చింది సాంచలు నడిపెటందుకే. ఈ లింబాయత్‌ల అప్పుడు గిన్ని ఇండ్లు లేవు. చాయ్ అర్ధ రూపాయి. కాదు, కాదు, చారాణ. అర్ధ రూపాయి మీ నాయిన పుట్టినంక అయింది. పన్నెండేండ్లు సాంచలు నడిపిన. ఒకనాడు మిషిని తిప్పే పట్టాల పడి గీ ఏలు కొస పోయింది, ఇగో చూడు. పుండు మానిందాక సేటు ఆగుతడా? వేరేటోన్ని పెట్టుకున్నడు. అప్పుడు మా చాయ్ హోటలాయిన చెప్పిండు, పాత ఊర్ల తుపాకులు బాగుచేసే దుకాణం ఉన్నది, ఓపికున్న మనిషి కావాల్నంట అని. ఓపికనా? నాకు ఉన్నది మొండితనం. రెండూ దూరం నుంచి ఒక్కతీర్గనే కనపడ్తయి.

ఆ దుకాణం శేఠ్ పార్సీ ముసలాయిన. ప్యాంటు ఛాతి దాక గుంజి కట్టేది. లైసెన్సు, కాయిదాలు అన్నీ పక్కాగ ఉండేటియి. కొన్ని పాత తుపాకులకు కంపినీ గోళీలు దొరుకకపోతుండె, గందుకని సీసం కరిగిచ్చి అచ్చుల పోసి తయారు చేసేది. మొదలు నాతోని ఊడ్పిచ్చిండు, తర్వాత నూనె పెట్టిపిచ్చిండు, రెండేండ్లకు సీసం కాడికి రానిచ్చిండు.

సీసం అంటే అంతా ఒక్కటే అనుకుంటవు నువ్వు. నేను గూడ గట్లనే అనుకున్న. పాత నీళ్ల పైపుల సీసం మెత్తగుంటది, బొటనేలి గోరుతోని గీకితే గీత పడ్తది. ప్రింటింగు ప్రెస్సుల పాత అక్షరాలు ఉంటయి సూడు, అది గట్టిది, గోరే అరుగుతది. మరీ మెత్తగుంటే తుపాకి గొట్టానికి లోపట అంటుకుంటది. మరీ గట్టిగుంటే గొట్టంల కుదురుగ కూసోది. నడుమది కావాలె. ఎంతల ఎంత కలపాలన్నది శేఠ్ చెప్తుండె, నేను గోరుతోని చూస్తుంటి. ఆయిన లెక్క, నా గోరు చానసార్లు కలిసేది. కలువకపోతే మల్ల కరిగిచ్చేది.

మొదట్ల ఒక తప్పు చేసిన, చెప్త. సాంచల కాడ బట్ట ఎట్ల చూస్తం? మెరుపు చూస్తం. నేను గోళీలు గూడ గట్లనే ఏరిన. అద్దం లెక్క మెరిసేటియన్ని ఒక డబ్బల, మసకయి ఒక డబ్బల. శేఠ్ వచ్చి నా మెరుపు డబ్బ తీసిండు. హీరాలు, గదే వజ్రాలు, తూచే చిన్న కాంటా ఉండె దుకాణంల, వరాఛాల ఎవలో హీరాల పనాయిన అమ్మితే కొన్నది. దాని మీద ఒక్కొక్కటి పెట్టిండు. ఇరవైట్ల ఏడు తేలికయి! లోపట గాలి బుడగ. "మల్లూ, ఇది చీర కాదురా, మెరుస్తే కట్టుకుంటానికి" అన్నడు. సిగ్గయింది. ఆనాటి సంది తూచకుంట ఒక్క గోళీ ఇయ్యలే నేను.

ఇగ అసలు ముచ్చట. కామ్‌రేజ్ దిక్కుకెల్లి రమణ్‌భాయ్ అని ఒక చెరుకు రైతు వస్తుండె. తోటల అడివిపందులు పడ్తయని పర్మిషను ఉండె ఆయనకు. వాళ్ల తాతల నాటి తుపాకి. అదెట్లుంటదంటే, కింద కడెం తీరు ఒక పిడి ఉంటది. కిందికి గుంజితే కాలిన గోళీ ఇత్తడి డొప్ప ఎగిరి బయట పడ్తది, మీదికి గుంజితే కొత్త గోళీ లోపటికి పోతది. మరి ఆ గోళీలు ఎక్కడుంటయి? గొట్టం కింద సన్న పైపు ఉంటది. అండ్ల రైలు డబ్బల లెక్క ఒకదాని ఎనక ఒకటి నిలవడ్తయి. ఎనక గోళీ ముక్కు, ముందు గోళీ పిర్రకు తాకుతుంటది. పేలెటందుకు కొట్టే టోపీ ఉన్నది గూడ ఆ పిర్రల్నే. ఇప్పుడు సమజయిందా? ముక్కు సూది లెక్క ఉన్నదనుకో, తుపాకి పేలినప్పుడు ఎనకకు ఒక్క ఝట్కా వస్తది, ఆ సూది పోయి ముందుదాని టోపీని పొడుస్తది. పైపుల్నే పేలుతది. పైపు కింద ఏముంటది? మనిషి ఎడమ చెయ్యి. గందుకే దానికి బోడిముక్కు గోళీలే పొయ్యాలె, సాఫుగ, బల్లపరుపుగ.

ఈ రమణ్‌భాయ్ ఒకనాడు వచ్చి నాకు సూదిముక్కు గోళీలే కావాల్నని కూసున్నడు. ఎందుకంటే ఏదో పెండ్లిల వాళ్ల బావమరిది నవ్విండంట, "బావా, నీయి గోళీలా, మొండి పెన్సిళ్లా?" అని. బావమరిది తుపాకి వేరు. అండ్ల గోళీలు ఒకదాని మీద ఒకటి పండుకుంటయి, ముక్కు దేనికీ తాకది. చెప్తే వింటడా? అప్పుడు ఎండకాలం, దుకాణంల గిరాకి లేదు. శేఠ్ మెత్తవడ్డడు. "ఒక్కొక్కటే పెట్టి పేల్చుమని చెప్దాం మల్లూ, పైపు నింపద్దని చెప్దాం" అన్నడు.

"శేఠ్, చెరుకుల పంది ఉరికొస్తుంటే ఒక్కటే పెట్టాల్నని యాదికుంటదా ఆయనకు?" అన్న.

"రాత్రి బడిల నాలుగక్షరాలు నేర్వంగనే నాకు చెప్పేటోనివైనవా?"

అవ్, రాత్రి బడి నిజమే, మన తెలుగోళ్ల సంఘం అర్రల నేర్సుకున్న. గని ఈ సంగతి అక్షరాలది కాదు గద, పైపుది. ఆయిన సూదిముక్కు అచ్చు నా చేతుల పెట్టి పోయిండు. నేను దాన్ని అరల పెట్టిన. పాత అచ్చుల ఇరవై బోడిముక్కు గోళీలు పోసి, తూచి, డొప్పలల్ల ఎక్కిచ్చి, డబ్బకు దారం కట్టిన.

శనివారం రమణ్‌భాయ్ వచ్చి దారం ఇప్పిండు. "ముక్కేది? ముక్కు కోసింది ఎవడు?" అని ఒక్కటే ఒర్లుడు. శేఠ్ మొఖం ఎర్రగైంది. "మల్లూ, చెప్పినట్ల మల్ల పొయ్యి. లేకుంటే నీ టిఫిన్ తీసుకొని నడువు" అన్నడు. ఇంట్ల మీ నాయిన ఏడో తరగతి, మీ చిన్నత్తకు జరం. పొమ్మంటే ఎక్కడికి పోవాలె నేను? మల్ల సాంచల కాడికి ఈ ఏలుతోని ఎవడు రానిస్తడు?

అయినా పొయ్యలే బిడ్డా. రమణ్‌భాయ్ ఎడమ చెయ్యి పట్టుకొని, ఆయిన తుపాకి పైపు మీద పెట్టిన. "గిక్కడనే గద పట్టుకునేది?" అన్న. ఆ చెయ్యి పక్కన నా చెయ్యి పెట్టిన, కొస లేని ఏలు ఆయిన ఏలు పొంటి. "ఇది పోయినప్పుడు నాకు తెల్వనన్న తెల్వలే భాయ్. రక్తం బట్ట మీద చూసినంక తెలిసింది" అన్న.

ఆయిన చెయ్యి గుంజుకున్నడు. "పేల్చి చూడు. మంచిగ పోకుంటే, నేనే నా టిఫిన్ తీసుకొని పోత" అన్న మల్ల.

ముగ్గురం చాంద్‌మారికి పోయినం, గదే, గురి చూసి పేల్చే మైదానం. పైపు నిండ నింపిండు, అయిదు పేల్చిండు. అయిదుకు అయిదు చాయ్ సాసరంత జాగల పడ్డయి. శేఠ్ అద్దాలు తీసి తుడిసి మల్ల చూసిండు. రమణ్‌భాయ్ మాత్రం, "ముక్కు లేకున్నా పోతున్నయి, ఏం లాభం, చూడ మంచిగ లేవు" అని డబ్బ చంకల పెట్టుకొని పోయిండు.

శేఠ్ మాఫీ అడుగుడా? పెద్దమనిషి, ఎట్ల అడుగుతడు. తెల్లారి దుకాణంల రెండు చాయ్‌లు చెప్పి, కుర్చి ఇడిసిపెట్టి, వచ్చి నా బల్ల మీద నా పక్కకు కూసొని తాగిండు. అప్పటి సంది ఏ తుపాకికి ఏ గోళీ అని నన్నే అడిగేది. ఇరవై రెండేండ్లు చేసిన అక్కడ.

రమణ్‌భాయ్ సచ్చెదాక ప్రతి సలికాలం వచ్చిండు. పోంక్ తెచ్చేది, గదే మన ఊచబియ్యం, లేత జొన్నలయి, వేడి వేడియి. "తీసుకో బోడిముక్కోడా, మా బావమరిది ఇంకా నవ్వుతనే ఉన్నడు" అని తిట్టుకుంటనే నా ముంగట పోసేది. నేను చెప్పింది నిజమని ఒక్కనాడు ఒప్పుకోలే. దోసిలితోని పోసేది బిడ్డా, రెండు చేతుల దోసిలి. నేను పోంక్ చూడకపోతుంటి, ఆ దోసిలే చూసేది.

నువ్వు సల్లగుండు. ఏ తుపాకి పట్టినా, ఏ మిషిని పట్టినా, అది నీ చేతికి రాకముందు ఒక మొండోడు చూసి పెట్టాలె నీకోసం. వాడెవడో నీకు తెల్వకున్నా సరే… ఏందే? ఆఁ, వస్తున్న. మీ నాయినమ్మ పిలుస్తుంది, అన్నం సల్లారుతదంట. నువ్వు గూడ రా, తిందువు…