రంజాన్‌లో వెనక్కి తిప్పిన గంట

నైలు పాయ ఒడ్డున ఉన్న పట్నంలో, కోర్టు కోసం పాత కాలమానాల లెక్క తేల్చే బహ్‌గత్ గదికి నగ్లా వచ్చింది. పదిహేనేళ్ల కిందట రంజాన్ నెలలో ఓ సాయంత్రం పత్తి గోదాము కాలి కాపలావాడు చనిపోయాడు. బతుకుతెరువుకి లిబియా వెళ్లి ఈమధ్యే తిరిగొచ్చిన ఆమె తమ్ముడు హమ్‌దీని ఆ కేసులో జైల్లో పెట్టారు.

“కూచోను ఉస్తాజ్. మీరు రాసింది మార్చేదాకా కూచోను.”

“అరవకండి, నగ్లా మేడమ్. మూడు పుస్తకాలు చూసి రాశాను. ఏటా వేసవికి తిప్పినట్టే ఆ ఏడూ వేసవంతా గడియారం గంట ముందుకే ఉంది.”

“వేసవంతానా? ఉపవాసాలని రంజాన్ నెలలో వెనక్కి తిప్పలేదూ? పండగయ్యాక మళ్లీ ముందుకు తిప్పలేదూ? అప్పుడు మీరీ దేశంలోనే ఉన్నారా?”

“కువైట్‌లో ఉన్నాను. అయినా పుస్తకాల్లో...”

“పుస్తకాల్లో!”

“మూడమ్మా, మూడు!”

“మూడు కాదు, ఒకటే. మన దేశం పేజీలో గడియారం ముందుకు తిప్పింది ఏప్రిల్ ముప్ఫై ఒకటో తారీకని వేశారు. మూడింట్లోనూ! ఏప్రిల్‌కి ముప్ఫై ఒకటెక్కడిది? మొదటివాడు రాశాడు, మిగతావాళ్లు కళ్లు మూసుకుని ఎత్తేశారు.”

“అది... గమనించలేదు.”

“గమనించలేదు! మావాడు జైల్లో మగ్గుతున్నాడు, ఈయన గమనించలేదు!”

“మీ దగ్గరేముంది మరి? నోటిమాటేగా?”

“ఇదిగో, ఆ ఏటి రంజాన్ వేళల కాగితం. కునాఫా కొట్టువాడు పంచింది. గోదాము కాలిన రోజు ఇఫ్తార్ ఆరున్నరకి.”

“మిఠాయి కొట్టు కాగితమా? జడ్జి నవ్వుతాడు.”

“నవ్వనీయండి. ఊరు ఊరంతా ఇది చూసుకునే నోట్లో ఖర్జూరం వేసుకుంది. ఇందులో గంట తేడా వస్తే ఆ కొట్టువాణ్ణి తన్నేవాళ్లు. మీ పుస్తకాలవాళ్లని ఎవడు తన్నాడు? ఇది ఆ రంజాన్ మొదలైన వారం పేపరు నకలు. గడియారం గంట వెనక్కి తిప్పుకోండని మొదటి పేజీలోనే వేశారు.”

“ఇటివ్వండి... ఊఁ.”

“ఊఁ అంటే?”

“తప్పు నాదే. మంటలేచాయని ఫైర్ స్టేషన్‌కి ఫోనొచ్చింది ఆరున్నరకి. ఇఫ్తార్ ఏడున్నరకని నేను రాశాను. మీవాడు నిప్పుపెట్టొచ్చి తీరిగ్గా భోజనానికి కూచున్నాడన్నారు పోలీసులు.”

“ఇప్పుడో?”

“ఇప్పుడు రెండూ ఒకటే వేళ. ఉపవాసం విడిచే అజాన్‌కి బల్ల దగ్గరున్నవాడు గోదాములో ఉండలేడు. ఎవరెవరున్నారో మళ్లీ అడుగుతారు. చెప్పండి.”

“నేను. మా అమ్మ. హమ్‌దీ నా ఎదురుగా. వాడికి పప్పు సూపు నేనే పోశాను.”

“మీ ఆయన?”

“ఆయన సంగతెందుకు? హమ్‌దీ మాట రాయండి.”

“అడుగుతారమ్మా. రిఫాత్ గారు కూడా ఆ గోదాములోనే పనిచేసేవారని కేసు కాగితాల్లో ఉంది.”

“చేసేవాడు. ఆ రోజు... ఆలస్యంగా వచ్చాడు.”

“ఎంత ఆలస్యంగా?”

“మేం తిని లేచాక. వచ్చీ రాగానే స్నానానికి పోయాడు.”

“పొద్దుట్నించీ ఉపవాసముండి, మంచినీళ్లైనా ముట్టకుండానా?”

“ముట్టకుండానే. ఆ బట్టలు...”

“బట్టలకేమైంది?”

“బట్టలు నేనే ఉతికాను. రెండుసార్లు ఉతికినా కిరసనాయిలు వాసన పోలేదు. స్టవ్వు బాగుచేశానన్నాడు. నమ్మాను. ఇన్నేళ్లూ నమ్ముతూనే ఉన్నాను.”

“పోనీ... ఈ కాగితాలు వెనక్కి తీసుకెళ్తారా?”

“నన్ను బండిమీద ఇక్కడికి తెచ్చింది ఆయనే. కింద కాఫీ కొట్లో కూచున్నాడు. మీరు ఉన్నదున్నట్టు రాస్తూండండి ఉస్తాజ్, నేను వెళ్లి ఆయన్ని పైకి తీసుకొస్తాను.”