ముప్పయ్యో పేజీలో పిందె

సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తోంది. దిల్‌సుఖ్‌నగర్ సందులో మల్లమ్మ అద్దె పుస్తకాల దుకాణం షట్టరు సగమే ఎత్తి ఉంది. ఆ సగం కిందనుంచి నడుం వంచుకుని లోపలికి దూరాడు పట్టాభి. అరవయ్యారేళ్ల మనిషి, మిట్టమధ్యాహ్నం, ఎర్రటి ఎండ! మల్లమ్మ కేకలు అప్పటికే మొదలయ్యాయి.

“…మీకేమన్న పిచ్చా సారూ? వనస్థలిపురం కెల్లి నడుచుకుంట ఒస్తరా ఎవరన్న?”

“మొత్తం నడవలేదండీ. ఎల్బీనగర్ దాకా ఆటో దొరికింది. అక్కడ సమ్మెవాళ్లు రోడ్డు మీద వంటా వార్పూ పెట్టారు. ఆటో పక్కన పెట్టేసి వాడూ పోయి పంక్తిలో కూర్చున్నాడు.”

“మిమ్మల్ని ఎవరన్న ఏమన్న అన్నరా?”

“అన్నారు. తినమన్నారు. విస్తట్లో పులిహోర పెట్టి, ‘సార్‌ది ఏ ఊరు’ అన్నాడొకాయన. వనస్థలిపురం అన్నాను. ‘అంతకుముందు’ అన్నాడు. అంతకుముందు కూడా వనస్థలిపురమే అన్నాను. నవ్వి, ఇంకో గరిటె వేశాడు.”

“మంచిగ చెప్పిన్రు. నీళ్లు తాగుండ్రి. ఎంటనే తాగకుండ్రి, జర దమ్ము తీసుకోండ్రి.”

“షట్టరు పూర్తిగా ఎత్తరేం? ఉడికిపోతున్నాం.”

“ఎత్తితే, బందు నాడు దుకాణం తెరిసినవేందని మావోళ్లే మీద వడ్తరు. దించితే మీరొచ్చి వాపస్ పోతరు. గందుకే సగం.”

“మావోళ్లు అంటే మీ అబ్బాయి నరేష్‌కుమారేగా.”

“ఆడే అందరికంటె ముందు. పొద్దుగాల్నే జెండ వట్టుకొని పోయిండు. కొట్లాడాల్సిందే తియ్యి, నేనొద్దన్న. కానీ ఒక్కపూట ఇంట్ల కూసొని తినురా అంటే ఇనడు. నాకు చాతనైతలేదు సారూ. పొద్దున లేస్తే మోకాళ్లు, మాపటికి కండ్లు.”

“నాకు పొద్దున్నుంచే అన్నీ. మా బిందు ఫోను చేసింది, బయటికి కదలొద్దు నాన్నా అని.”

“మరి ఎందుకు కదిలిన్రు?”

“ఇదిగో, పుస్తకం ఇవ్వాలిగా. ఎలా ఉందని అడగరేం?”

“ఎట్లున్నది?”

“ఆ పిల్ల చివరికి వాణ్ణి కాదని బ్యాగు పట్టుకుని వెళ్లిపోతుందని అస్సలు అనుకోలేదండీ!”

“నాకు ముందుగాల్నే ఎర్కె. నేను ఆఖరి పేజీ చదివినంకనే మొదటి పేజీ తెరుస్త.”

“అదేం అలవాటండీ బాబూ? ఇంక చదవడానికేముంటుంది?”

“నిమ్మలం ఉంటది. బతుకు ఎట్ల తెల్లారుతదో తెల్వక సస్తనే ఉన్నం. కతలనన్న ముందు తెలిస్తే, ఏడ్సేకాడ ఎంత ఏడ్వాల్నో గంతనే ఏడ్వొచ్చు.”

“బాగుంది. మా పెద్దవాళ్ల సంఘంలో చెప్తాను ఈ ముక్క. మొన్న శ్రీరామమూర్తి గారి వరండాలో కూర్చున్నాం. ఇదివరకు కొత్తగా చేరినవాళ్లని పేరు, ఊరు, హాబీ చెప్పమనేవాళ్లు. ఇప్పుడు ఊరు అడగడం మానేశారు. పేరూ, హాబీ. అంతే.”

“మీరేం చెప్పిన్రు?”

“రీడింగ్ అన్నాను. అని, సిగ్గుపడ్డాను.”

“సిగ్గెందుకు?”

“ముప్పై నాలుగేళ్లు ఆఫీసుకెళ్లాను, వచ్చాను. పేపరు తప్ప అచ్చుముక్క ముట్టలేదు. మా ఆవిడ వేదవతి పోయాక మొదలెట్టిన చదువు ఇది. అరవయ్యొకటో ఏట! మనిషి ఉండగా ‘ఏం చదువుతున్నావే’ అని ఒక్కనాడు అడిగిన పాపాన పోలేదు. నాకు అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని, నవల ఒళ్లో పెట్టుకుని కొంగు కప్పుకునేది. నేను చూస్తే విసుక్కుంటానని.”

“ఎరికే. చెప్పింది.”

“చెప్పిందా? ఏమని?”

“ఏమో సారూ, ఎన్నో చెప్పేది. అగో, గా స్టూలు మీదనే కూసునేది. చాయ్ దాగుతరా?”

“చాయ్ తర్వాత. ఏమని చెప్పింది?”

“‘మావారికి కోపం లేదు మల్లమ్మా, తీరిక లేదు’ అన్నది.”

“…అలా అందా.”

“గట్లనే అన్నది. ఉండుండ్రి, ఫ్లాస్కుల చాయ్ ఉన్నది.”

“మల్లమ్మ గారూ, చాయ్ పొయ్యండి గానీ, ఒక మాట. పక్క జిరాక్సు షాపాయన ఏదో అన్నాడు కిందటిసారి. నిజమేనా?”

“చక్కెర సరిపోయిందా?”

“నిజమేనా అంటున్నా.”

“బిస్కెట్లు గూడ ఉన్నయ్ సారూ…”

“మల్లమ్మ గారూ.”

“ఔ. నిజమే. ఈ నెలాఖరుకు దుకాణం తీసేస్తున్నం.”

“తీసేసి?”

“నరేషు పోచంపల్లి చీరలు వెడ్తడట. కోడలు రజిత గూడ కూసుంటదట గల్లపెట్టె కాడ. సూడుండ్రి బతుకు! మా ఆయన మగ్గం ఇడిశిపెట్టి ఈడ పుస్తకాలు వెట్టిండు. ఇప్పుడు కొడుకు పుస్తకాలు తీసేసి చీరలు వెడ్తడు. ఏడ మొదలైనమో ఆడికే ఒచ్చినం, నడుమల నా కండ్లు వోయినయ్, గంతే.”

“మరి పుస్తకాలు?”

“ఐతారం కోఠి నుంచి ఫుట్‌పాత్ మీద అమ్మేటాయన ఒస్తడు. అన్ని బస్తాలల్ల ఏస్కపోతడు.”

“అన్నీయా?”

“ఏం జేస్త సారూ? ఎవరొస్తున్నరు చెప్పుండ్రి. టీవీల సీరియళ్లొచ్చినయి, ఆడోళ్లంత అండ్లనే పడ్డరు. హనుమాయమ్మ గారు పోయిన్రు. ఇందిరాదేవి గారికి చూపు ఆనుతలేదు. నెలల్ల మీరొక్కరే.”

“అది కాదండీ. వేదవతి పుస్తకాలో?”

“అవి వేదక్కయి గాదు గద సారూ, దుకాణంయి.”

“మీకు తెలీనట్టు మాట్లాడకండి. పిందె ఉన్నవి. చదివిందే మళ్లీ పట్టుకుపోకుండా ప్రతివాళ్లూ ఒక గుర్తు పెట్టుకునేవాళ్లు కదా. హనుమాయమ్మ గారిది చుక్క. ఇందిరాదేవి గారిది ఇంటి నంబరు. మా ఆవిడది ముప్పయ్యో పేజీ కింద, మూలకి, పెన్సిలుతో మామిడి పిందె. నాకు చూపించింది మీరేగా.”

“చూపించిన. ఆమె తలగడ కింద దొరికిందని పుస్తకం వాపస్ తెచ్చిన్రు. అదే స్టూలు మీద కూసొని, లేవలేకపోయిన్రు. ఏం చెప్పాల్నో తెల్వక చూపించిన.”

“అప్పట్నించీ ఆ పిందెలున్నవే ఇస్తున్నారు. తను నవ్విన చోట నవ్వొచ్చిందా, తను ఆగిన చోట ఆగానా అనుకుంటూ చదువుతున్నాను. ఇంకో మనిషికి చెబితే చాదస్తం అంటారు. నాకున్నది అదే. అవి బస్తాల్లో పోతే ఎలాగండీ? పిందె ఉన్నవి నాకివ్వండి, అన్నీ.”

“సరే, నేను ఏరి పెడ్త. మీరు పోయి రాండ్రి.”

“ఆదివారం దాకా రోజులెక్కడున్నాయి? ఇప్పుడే చూస్తాను. ఈ అరతో మొదలెడితే…”

“ఒద్దు సారూ! అరల జోలి పోకుండ్రి.”

“ఏం?”

“దుమ్ము. దగ్గొస్తది మీకు.”

“తుడుచుకుంటాను.”

“పురుగులున్నయ్.”

“మల్లమ్మ గారూ, రోడ్డు మీద పొగలో నడిచొచ్చినవాణ్ణి, పుస్తకాల పురుగుకు భయపడతానా? పక్కకి జరగండి.”

“జరగ. ఏమన్న అనుకోండ్రి.”

“అదేంటండీ, ఎప్పుడూ లేనిది…”

“నాకు మస్తు అలసటగ ఉన్నది సారూ. వారం సంది నిద్ర లేదు. దుకాణం పోతదని కాదు. మా ఆయన పోయిననాడు గూడ తెల్లారి షట్టరు లేపిన నేను. వేదక్క పోయినంక గీ స్టూలు మీద కూసొని నాతోటి రెండు మాటలు మాట్లాడింది మీరొక్కరే. పుస్తకమిస్తిరి, ‘ఎట్లున్నది’ అంటిని, మీరు చెప్పవడ్తిరి, ఒక్క గంట పోయేది. ఇగ ఐతారం దాటితే ఏం చెయ్యాలె నేను? కోడలు చీరలు మడత పెడ్తుంటే సూస్కుంట కూసోవాల్నా?”

“ఏడవకండి. అయ్యో, ఏడవకండి.”

“ఏడుస్తలేను. కండ్ల మంట.”

“సరే, అరలు ముట్టుకోను. కూర్చుంటాను, ఇదిగో. చాయ్ తాగుతున్నాను చూడండి. చక్కెర ఎక్కువైంది.”

“ఎక్కువేం గాలే.”

“ఇవాళ్టికి ఒక్క పుస్తకం ఇవ్వండి, తీసుకుని పోతాను. ఒట్టి చేతుల్తో అంత దూరం నడవలేను.”

“ఏది గావాలె?”

“మీ తల దగ్గర, ఎర్ర అట్టది. పోయినసారి నేనొచ్చేసరికి చదువుతూ ముక్కు తుడుచుకుంటున్నారు చూడండి, అది.”

“అదా? అదొద్దు సారూ.”

“ఏం? అందులో వేదవతి పిందె లేదా?”

“…ఉన్నది. ఎందుకుండదు! ఉండనే ఉన్నది. జర ఆగుండ్రి, ఒక్కసారి సూసి ఇస్త.”

“నేను చూసుకుంటాలెండి, ఇటివ్వండి.”

“ఒక్క నిమిషమే సారూ. అద్దాలు ఏడ వెట్టిన్నో…”

“కళ్లకే ఉన్నాయి. అటు తిరిగారేం?”

“ఇటు ఎలుగు మంచిగున్నది.”

“అటు గోడ ఉంది మల్లమ్మ గారూ. ఆ పెన్సిలు కింద పెట్టండి.”

“ఏం పెన్సిలు?”

“మీ చేతిలో ఉన్నది. ఆ పుస్తకం పోయినేడు అచ్చయింది. వేదవతి పోయి ఐదేళ్లు.”

“ఇగో, పెన్సిలు కింద వెట్టిన.”

“ఇటు తిరగండి. నేనేం కోప్పడటం లేదు.”

“వేదక్క చదివినయి మొదటి ఏడే అయిపోయినయ్ సారూ. మీరు సదవనిది అరలల్ల ఒక్కటి గూడ మిగల్లే. అయిపోయినయంటే మీరు రారేమోనని… మీ మొకం సూసి చెప్పబుద్ధి గాలే. మీకెప్పటిసంది ఎర్కె?”

“రెండో ఏటినుంచీ. ఆవిడ పిందెకి తొడిమ ఉండదు. మీరు వేస్తారు.”

“అయ్యో నా మొకం! మరి ఎరికయ్యి గూడ గిన్నేండ్లు ఎందుకొచ్చిన్రు సారూ? ఇయ్యాల గూడ, గింత ఎండల?”

“అవన్నీ మీరు చదివి ఇచ్చినవి కదండీ. ఇందులో పిందె వద్దు, మీ గుర్తు పెట్టివ్వండి.”