చీమల తెప్ప

ఏటిగట్టు తెగిన మర్నాడు, మునిగిన పొలం మధ్య చెట్టుకొమ్మను కరుచుకుని ఉన్న అన్న కనిపించగానే తమ్ముడు తెడ్డు వేయడం ఆపేశాడు.

"ఆగిపోయావేంట్రా? పడవ ఇటు తీసుకురా! చేతులు పీకేస్తున్నాయి."

"కంగారెందుకు అన్నయ్యా? నాకంటే ముందు వేరే చుట్టాలొస్తున్నారు. అదిగో, ఆ ఎర్రటి చాపలాంటిది చూడు."

"ఏంటది?"

"ఎర్రచీమలు. పుట్ట మునిగితే ఒకదాని కాళ్లు ఒకటి పట్టుకుని తెప్పలా తేలతాయి. రాణినీ పిల్లల్నీ మధ్యలో పెట్టుకుంటాయి. పొడిగా ఏది తగిలితే దాన్నెక్కేస్తాయి. ఇక్కడ పొడిగా ఉన్నది ఆ కొమ్మా నువ్వూ."

"ఒరేయ్, నీకు దణ్ణం పెడతాను! నీ వైపు గట్టు తెగ్గొడితే నా పొలమన్నా మిగులుతుందనుకున్నాను. చివరికి రెండూ మునిగాయి."

"మా చిన్నది ఇంట్లో నిద్రపోతోందని తెలిసి కూడా తెగ్గొట్టావు. ఆ చీమలే నయం."

"అమ్మో, కొమ్మెక్కేశాయి! మొహమంతా పాకుతున్నాయిరా!"

"అయితే దూకెయ్."

"నాకు ఈత రాదని నీకు తెలీదా?"

తమ్ముడు తెడ్డును ఒళ్లో అడ్డంగా పెట్టుకుని తీరిగ్గా కూర్చున్నాడు.

"మా చిన్నదానికీ వచ్చేది కాదు, అన్నయ్యా."