ఎంత బుద్ధిగా పడుకున్నాడో

రొమేనియాలో ఒక చిన్న ఊరి పిల్లల ఆసుపత్రి, పొద్దున పది గంటలు. మంచం మీద ఎనిమిది నెలల తోమా కదలకుండా పడున్నాడు, పక్కన వాళ్లమ్మ వియొరికా. వైద్యం నేర్చుకుంటున్న సిమీనా పిల్లాడి మీదికి వంగింది. పాఠం చెప్పే డాక్టర్ ఒతీలియా ఆమె వెనకే నిలబడింది.

"కాగితాలు తర్వాత, సిమీనా. ముందు పిల్లాణ్ణి చూడు. ఆక్సిజన్ సంగతి నేను చూసుకుంటాను."

"జ్వరం లేదు మేడమ్. మెడ బిగుసుకోలేదు. ఊపిరి... నిమిషానికి పన్నెండు."

"ఈ వయసుకి ఎంతుండాలి?"

"ముప్పై. మేడమ్, మీరే చూడండి. నాకు భయంగా ఉంది."

"నాకూ భయంగానే ఉంది. చూడు."

"డాక్టరమ్మా, ఆ చేతి ఎర్రదారం విప్పకండి. దిష్టి తగిలే ఇలా అయ్యాడు. నిన్న పక్కింటావిడ ఎంత ముద్దుగా ఉన్నాడో అంది, తూ తూ అని ఉమ్మనైనా లేదు."

"సూది గుచ్చడానికి ఈ చేతికే నరం దొరికిందక్కా. దారం రెండో చేతికి కడతాను. పొద్దున ఏం పట్టావు?"

"పాలు."

"ఇంకేం పట్టలేదా?"

"పాలే. చెప్పాను కదా, పాలే. నేను మధ్యాహ్నం బస్సుకి వెళ్లిపోవాలి. ఇంట్లో అత్తగారొక్కతే ఉంది."

"సిమీనా, వాడి కళ్లు తెరిచి చూశావా?"

"చూశాను. కనుపాపలు ఆవగింజంత కూడా లేవు మేడమ్."

"అయితే?"

"అయితే... తప్పు చెబితే?"

"తప్పు చెబితే నేను దిద్దుతాను. చెప్పకపోతే వాడు పోతాడు."

"పోతాడా? ఏమంటోందండీ ఈవిడ?"

"వియొరికక్కా, ఇటు చూడు. మాదీ పల్లెటూరే. పళ్లొచ్చే పిల్లలు ఏడుస్తుంటే మా నాయనమ్మ గసగసాల కాయలు మరిగించి పట్టేది. మా తమ్ముడికీ పట్టింది."

"వాడు బాగున్నాడా?"

"ముందు నువ్వు చెప్పక్కా."

"చెబితే సర్కారువాళ్లు పిల్లల్ని తీసేసుకుంటారట. అత్తగారు చెప్పొద్దంది."

"అక్కా."

"మూడు కాయలు. పాలల్లో మరిగించింది. మూడు రాత్రులుగా ఇద్దరూ ఒకటే ఏడుపు, కంటిమీద కునుకు లేదు. తెల్లారుజామున నేనే పట్టాను. సగం గ్లాసు తాగి, ఇంక చాలని మూతి తిప్పేసుకున్నాడు."

"మేడమ్, ఆ కాయల్లో ఉండేది నల్లమందే. విరుగుడు..."

"సిద్ధంగా ఉంది. నువ్వే ఎక్కించు."

"నేనా మేడమ్?"

"నువ్వే. నా చెయ్యి పట్టుకునే ఉంది. మెల్లగా. ఇప్పుడు ఊపిరి లెక్కపెట్టు."

"పద్నాలుగు... పద్దెనిమిది... మేడమ్, ఏడుస్తున్నాడు."

"ఏడవనీ. ఇంతకంటే మంచి చప్పుడు ఈ వార్డులో లేదు. నువ్వు కూర్చోమ్మా. ఎక్కడికి లేస్తున్నావు?"

"డాక్టరమ్మా, ఆ మిగిలిన సగం..."

"పారబోశావు కదా?"

"పాలండీ. పారబొయ్యడానికి చేతులు రాలేదు."

"ఎవరికి పట్టావక్కా?"

"వీడితో కవలగా పుట్టినవాడే, దాన్. బస్సుకి బయల్దేరేటప్పుడు ఉయ్యాల్లోకి తొంగి చూశాను, ఎంత బుద్ధిగా పడుకున్నాడో."