తాటిచెట్టు మీంచి జారిన మాట

అలా తడిక గోడకేసి చూస్తూ కూర్చుంటే గోడేమైనా పలుకుతుందనుకున్నావా? అదీ పలకదు, నువ్వూ పలకవు. మధ్యలో నేనొక్కదాన్ని వాగుతున్నా, పిచ్చిదాన్లా! తొమ్మిది రోజులయ్యా సాన్ పే, తొమ్మిది రోజులు! మూగనోము మునులు పడతారు గానీ కల్లు గీసేవాడు పడతాడుటయ్యా?

పొద్దు వాలేలోగా వస్తారు పెద్దలు. వింటున్నావా? నిన్ను తీసుకుపోడానికి! పగోడా పక్క సత్రంలో నీకు చాప కూడా వేసేశారట. తెల్ల లుంగీ, తెల్ల చొక్కా కుట్టించారట. ఇకమీదట చెట్టెక్కకూడదు, కల్లు ముట్టకూడదు, ఇంటి మొహం చూడకూడదు. జనం వచ్చి నీ ముందు కూర్చుంటారట, ఎప్పుడు నోరు జారతావా అని. నువ్వు దగ్గినా సరే, పగోడా గుమాస్తా లూ మౌంగ్ రాసేసుకుంటాడు.

మరి నేనో? నా గతేమిటో? అది ఒక్కడికీ పట్టలేదు.

ఏం, అలా చూస్తావు? ఈ తేయాకు ఊరగాయ కలుపుతున్నది వాళ్ళ కోసమే. మన కొంప ముంచడానికే వస్తున్నారనుకో. అయినా ఇంటికొచ్చిన పెద్దలకి పళ్ళెం పెట్టకుండా ఉంటామా? ఇదిగో, నువ్వూ ఈ పిడికెడు తిను. పొద్దున్నించి ఏమీ తినలేదు.

అసలీ గొడవంతా ఆ గంటతో మొదలైంది. నువ్వా, కిందున్నంతసేపూ ఉప్పందుకోమని అడగడానికి కూడా బద్ధకం. చెట్టెక్కావా, ఇక పాట ఆగదు. ఆ రోజు తెల్లారగట్ట ఏం పాడావు? ‘కంచుతల్లి నీళ్ళ మీద నడిచొస్తోందర్రో!’ అని. మధ్యాహ్నానికి పడవొచ్చింది. అందులో పగోడా కోసం పోతపోయించిన కంచు గంట! నాలుగేళ్ళుగా రేపు మాపు అంటున్న గంట!

ఇంకేముంది? తబౌంగ్, తబౌంగ్ అని ఊరంతా ఒకటే కేకలు. మన పెద్దల లెక్క నీకు తెలుసుగా. తాగినవాడో, మతి చెడినవాడో, తానేమంటున్నాడో తనకే తెలియక అన్నమాట నిజమైందంటే అది దేవతలు పలికించిన తబౌంగ్. రాజుల కాలంలో అలాంటి మాటలు ఏరుకురమ్మని వీధులెంట మనుషుల్ని పంపేవారట. రాజులు పోయారు, ఏరుకునేవాళ్ళు మాత్రం పోలేదు.

నాకు తెలీదూ? అంత పొడుగు చెట్టు మీద కూర్చున్నవాడికి ఐరావతి ఏటి మలుపు కనిపించదూ? మలుపులో పడవ కనిపించదూ? కనిపించింది, పాడావు. అంతే కదా!

తర్వాత ఆ పందిరి. ‘పందిరికి రెక్కలొచ్చాయర్రో’ అన్నావు. పిల్లల్ని చిన్న సన్యాసుల్ని చేసే పండక్కి వేసిన పందిరి గాలికి లేచి వెళ్ళి మఠం కప్పు మీద పడింది. పడమటి నుంచి దుమ్ము లేవడం నువ్వు పైనుంచి చూశావు. కింద వాళ్ళింకా అన్నాలు తింటున్నారు. ఇందులో దేవతలేం పలికించారు, నా మొహం!

కానీ ఒక్కమాట చెప్పనా? బాగుందయ్యా. నిజం దాచడమెందుకు? ఇరవై రెండేళ్ళు నన్ను ‘కల్లు సాన్ పే పెళ్ళాం’ అన్నవాళ్ళు, బావి దగ్గర ‘అమ్మగారూ, ముందు మీరు తోడుకోండి’ అంటే, చేద కూడా తేలిగ్గా అనిపించింది. కడుపు నిండిపోయింది నాకు.

నమ్మనివాడు ఒక్కడే, హెడ్మాష్టరు ఊ థా డున్. పింఛనొచ్చినా బెత్తం దిగలేదు ఆ చేతిలోంచి. ‘జరిగాక చెప్పే సాక్ష్యాలు నాకొద్దు. జరగక ముందే విన్నామని ముగ్గురు చెప్పాలి. అన్న మనిషికి అది తెలిసే దారి ఏదీ ఉండకూడదు. ఇక మాటని లాగి పీకి అతికించారో, చర్మం వలుస్తా’ అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఆయన్ని చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. ఈయనే మనల్ని గట్టెక్కిస్తాడనుకున్నా.

మొన్న నీ చెట్టెక్కాడు కదా, పైనుంచి ఏమేం కనిపిస్తాయో స్వయంగా చూస్తానని. డెబ్భై రెండేళ్ళ మనిషి! లుంగీ గోచీ పెట్టుకుని, కళ్ళద్దాలు తాడుతో కట్టుకుని. ఎక్కడం బాగానే ఎక్కాడు. పైకెళ్ళాక కిందకి చూశాడు చూడు, అక్కడే చెడింది. మానుని కావిలించుకుని కళ్ళు మూసేశాడు.

కింద ఊరంతా నోళ్ళు తెరుచుకుని నించుంది. కాసేపటికి ఒక కన్ను తెరిచి ఏమని అరిచాడు? ‘ఒరేయ్, నా ఆవు మిరపచేలో పడిందిరోయ్!’

పరిగెత్తారు. చూస్తే నిజంగానే ఆవు మిరపచేలో ఉంది! అంతే, వెధవలందరూ తిరిగొచ్చి చెట్టు కింద మోకాళ్ళ మీద కూలబడి చేతులు జోడించారు. లూ మౌంగ్ పుస్తకం తీశాడు. పైనుంచి ఆయన ‘ఒరే గాడిదల్లారా, కనిపించిందిరా! కనిపించే చెప్పానురా!’ అని గొంతు చించుకుంటుంటే, వాడు అది కూడా రాసుకున్నాడు!

నువ్వే కదా ఎక్కి, వీపున కట్టుకుని దింపావు. అప్పుడు కూడా నోరు విప్పలేదు. నవ్వైనా నవ్వలేదు. అప్పుడనిపించింది నాకు, ఈ మనిషికేదో అయిందని.

సరే, దిగాక ఆయన గంట మాట కొట్టేశాడు, పందిరి మాట కొట్టేశాడు. ‘చెట్టెక్కితే ఎవడికైనా కనిపిస్తాయి’ అన్నాడు. హమ్మయ్య అనుకున్నా. ఇంతలో ఎవరో అన్నారు, ‘మరి వాన మాట?’ అని.

నేను జనం వెనక్కి తప్పుకున్నా.

లూ మౌంగ్ పుస్తకం తిప్పి చూపించాడు. పగోడా పండక్కి పదకొండు రోజుల ముందే రాసుంది, తేదీతో సహా. ముగ్గురు విన్నారు. పున్నమినాడు మిట్టమధ్యాహ్నం వాన పడుతుందనీ, పగోడా మెట్ల పక్క బజ్జీల మూకుడు కొట్టుకుపోతుందనీ. ఈ నడి ఎండల్లో మనూళ్ళో చుక్క రాలడం నువ్వెరుగుదువా, నేనెరుగుదునా? పడింది! ఆ రోజే, ఆ వేళకే పడింది! పదకొండు రోజుల అవతలి వాన ఏ చెట్టెక్కితే కనిపిస్తుంది చెప్పు? హెడ్మాష్టరు రెండుసార్లు చదివాడు. కళ్ళద్దాలు తీశాడు. మనింటి వైపు తిరిగి చేతులు జోడించాడు. అదీ మన ఖర్మ.

ఊఁ. ఇక చెప్పక తప్పదు. నీకు తెలిసిందే అనుకో, అయినా నా నోటితో చెప్పాలి.

ఆ మెట్ల పక్క చోటు నాది. పదిహేడు పండగలు అక్కడే సొరకాయ బజ్జీలు వేశాను. ఈ ఏడు డో ప్వా షిన్ కన్ను పడింది. ధర్మకర్త పెళ్ళాం కదా, ఆవిడకి అడ్డేముంది? అడగడానికెళ్తే ఏమందో తెలుసా? ‘రెండు మాటలు నిజమైతే తాగుబోతు దేవుడైపోతాడా? నువ్వెళ్ళి ఆ వెనక పాయిఖానాల దగ్గర వేసుకో’ అంది. పదిమందిలో!

మండిపోతూ ఇంటికొచ్చాను. గుమ్మంలో లూ మౌంగ్ నించున్నాడు, ‘ఇవాళ గురువుగారు ఏమైనా సెలవిచ్చారా?’ అంటూ. పక్కింటి అప్పాచెల్లెళ్ళు కూడా ఉన్నారు. నువ్వేమో మంచం మీద కొలిమి తిత్తిలా గుర్రు పెడుతున్నావు. నా నాలుక ఊరుకుందా? ‘ఆఁ, అన్నాడు. నిద్దట్లో అన్నాడు. పున్నమినాడు మిట్టమధ్యాహ్నం వాన పడి పగోడా మెట్ల పక్క బజ్జీల మూకుడు కొట్టుకుపోతుందన్నాడు’ అనేశాను.

భయపడి చోటు వదులుతుందనుకున్నా, అంతే! వాన పడాలని కాదు. ఆవిడ వదల్లేదు. వాన వదల్లేదు. మూకుడు మెట్ల మీంచి దొర్లుకుంటూ, దాని వెనకే బజ్జీలు, వాటి వెనకే డో ప్వా షిన్! కడుపుబ్బ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఇటు తిరిగితే నువ్వు కనిపించావు, చంకలో కల్లు లొట్టితో, నన్నే చూస్తూ. అప్పటికి నీకెవరో చెప్పేశారు, నువ్వు జోస్యం పలికావని.

ఆ తర్వాత నువ్వు మాట్లాడలేదు.

ఏ మాట నోరు జారితే ఏమవుతుందోనని భయపడ్డావనుకున్నా ఇన్నాళ్ళూ. ఇవాళ పొద్దున లొట్లు కడుగుతుంటే తట్టింది. నువ్వు నోరు విప్పితే ‘ఆ వాన మాట నేననలేదు’ అని చెప్పాలి. అనలేదంటే నీ పెళ్ళాం అబద్ధాలకోరని ఊరంతా ఉమ్మేస్తుంది. అవునా? అందుకేనా? నా పరువు కోసం ఆ సత్రంలో, తెల్లబట్టల్లో, చుక్క కల్లు లేకుండా చచ్చేదాకా కూర్చుంటావా? ఒక్క పూట ఆగలేవే నువ్వు!

ఏడుపొస్తోందయ్యా నాకు. ఇన్నేళ్ళలో నిన్నెన్ని తిట్టాను!

వద్దని తల ఊపకు. చెప్పేస్తాను. ఉమ్మితే ఉమ్మనీ. మళ్ళీ ‘కల్లు సాన్ పే పెళ్ళాం’ అననీ, అది మాత్రం అబద్ధమా? బావి దగ్గర నా వంతు చివరికొస్తే కొంపలేం మునగవు. నువ్వు ఇంట్లో ఉండాలి, అంతే. అదిగో కంచె దగ్గర దగ్గు, హెడ్మాష్టరుదే. వచ్చేశారు.

ఏమిటీ? ఏమన్నావ్?

ఉప్పా? తొమ్మిది రోజుల తర్వాత నోరు విప్పి, ఊరగాయలో ఉప్పు తగ్గిందంటావా? నీ నోట్లో మన్ను పొయ్య, ఇదా నువ్వు... నవ్వకు! నవ్వొద్దన్నానా! గట్టిగా అనకు, లూ మౌంగ్ కంచె మీంచి మెడ సాచాడు. అదిగో, రాసేసుకున్నాడు.

రండి, రండి, కూర్చోండి. పళ్ళెం తర్వాత. ముందు నా మాట వినండి. ఆ వాన మాట అన్నది ఈయన కాదు. ఈయన గుర్రు పెడుతున్నాడు. అన్నది నేను. డో ప్వా షిన్ మీద కుళ్ళుకొద్దీ అన్నాను. నిజంగా పడుతుందని నాకేం తెలుసు? ఏదో నోటికొచ్చింది వాగాను. కావాలంటే ఉమ్మండి.

అదేమిటి, హెడ్మాష్టరుగారూ, కళ్ళద్దాలు తీస్తున్నారేమిటి? వద్దు, తియ్యకండి. ముగ్గురూ విన్నది నా నోటి నుంచే, అయితే మాత్రం ఏమిటి? నాకు తెలీదంటే, అంటే తెలియకుండా అన్నానంటే... అదే తబౌంగంటారా? అయ్యబాబోయ్! వద్దండీ, చేతులు దించండి! అమ్మా, నాకెందుకమ్మా దండాలు? ఆ తెల్ల లుంగీ నావైపు పట్టుకొస్తారేమిటయ్యా!

చూశావా సాన్ పే, నన్నాపే మాటేదో అనాల్సింది పోయి ఉప్పు అడిగావు.

సరే, ఏం చేస్తాం. ఒక్కటి గుర్తుపెట్టుకో. రేపట్నించి నేనుండను, లొట్లు నువ్వే వేణ్ణీళ్ళతో కడుగు. లేకపోతే మధ్యాహ్నానికే కల్లు పులిసి చస్తుంది.

ఒరే లూ మౌంగూ, దాన్ని రాసుకోకురా. అది జోస్యం కాదు. ఇరవై రెండేళ్ళుగా కడుగుతున్నాను.